సిగరెట్‌కు తోడై కూర్చున్న ఇ-సిగరెట్: ఒక కేసు

పొగ మాన్పించే క్లినిక్‌కు వచ్చేవారిలో చాలామంది ఒంటరిగా రారు. వెంట ఒక కూతురో, భార్యో, తమ్ముడో ఉంటారు. తరచి చూస్తే అపాయింట్‌మెంట్ తీసుకున్నదీ వాళ్లే అయి ఉంటుంది. ఈ కేసులోనూ తండ్రిని కూతురు తీసుకొచ్చింది. తమ గురించి నేను రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

ముందుగా చట్టం సంగతి. నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఇ-సిగరెట్ల అమ్మకానికి అనుమతి ఉన్న దేశంలో జరిగిన చికిత్స ఇది. భారతదేశంలో 2019 నాటి చట్టం వాటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, ప్రకటనలను నిషేధించింది. అక్కడి పాఠకులకు ఈ దారి లేదు. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్, నమిలే నికోటిన్ గమ్, కాఫీ, కుటుంబం గురించి కింద రాసినవి మాత్రం ఎక్కడైనా పనికొస్తాయి.

నేపథ్యం

ఆయన వయసు అరవైకి దగ్గర. ఇరవయ్యో ఏట మొదలుపెట్టిన సిగరెట్ రోజుకు పాతిక దాకా పెరిగి, అక్కడే స్థిరపడింది. నిద్రలేచిన ఐదు నిమిషాల్లో మొదటిది వెలగాలి. జ్వరంతో మంచం పట్టినా మానరు. నికోటిన్ మీద ఎంతగా ఆధారపడ్డారో అంచనా వేయడానికి మేము వాడే ఫాగర్‌స్ట్రోమ్ పరీక్షలో ఆరు ప్రశ్నలుంటాయి, గరిష్ఠం 10. ఆయనకు 8 వచ్చింది. రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు. ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీలో, శ్వాసనాళాలు క్రమంగా ఇరుకయ్యే సీఓపీడీ జబ్బు తొలి దశ కనిపించింది. ఉదయం దగ్గు, కఫం ఎన్నో ఏళ్లుగా ఉన్నవే కాబట్టి అవి జబ్బు లక్షణాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

అంతకుముందు మానడానికి చేసిన ప్రయత్నాలు తక్కువేమీ కావు. ఏ సాయమూ లేకుండా ఒక్కసారిగా ఆపేసిన సందర్భాలున్నాయి. 21 మిల్లీగ్రాముల ప్యాచ్ వాడారు గానీ, పీడకలలు వస్తున్నాయని రాత్రిపూట తీసేసేవారు. అంటే రోజు మొత్తంలో సిగరెట్ కోరిక అన్నిటికంటే బలంగా ఉండే ఉదయం వేళకు ఒంట్లో నికోటిన్ దాదాపు లేదన్నమాట. నికోటిన్ గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి మింగడంతో ఎక్కిళ్లు, గొంతు మంట వచ్చాయి. సిగరెట్ కోరికను తగ్గించే వరెనిక్లిన్ మాత్రలను పరగడుపున వేసుకుని, వాంతులతో రెండో వారంలోనే వదిలేశారు. ‘ఇవన్నీ నాకు పనిచేయలేదండీ’ అన్నారు. ఏ మందు పనిచేయలేదు, ఏది సరిగా వాడకపోవడం వల్ల పనిచేయలేదు అని విడదీసి రాసుకోవడానికే మొదటి సమావేశంలో ఎక్కువ సమయం పట్టింది. ఆ పట్టిక లేకపోతే మళ్లీ అవే మందులు అదే తీరులో రాసి పంపే ప్రమాదముంది.

వచ్చిన సమస్య

కొన్ని నెలల ముందు కూతురు ఆయనకు ఇ-సిగరెట్ కొనిచ్చింది. చాలా ఆలోచించే కొన్నది: నికోటిన్ తక్కువైతే ప్రమాదం తక్కువని మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల ద్రవం, పెద్ద బ్యాటరీతో దట్టంగా ఆవిరి వదిలే పరికరం. ఇంట్లో పొగ తాగకూడదన్న నియమం ఎటూ ఉంది కనుక ఇంట్లో ఇది, బయట సిగరెట్. పాతిక సిగరెట్లు పద్నాలుగుకు వచ్చాయి. ఆ తర్వాత అక్కడే ఆగిపోయాయి.

‘నాన్న సగానికి తగ్గించేశారు. మిగతా సగం కూడా దీంతోనే పోతుంది కదా, డాక్టర్ గారూ?’ అని ఆమె అడిగింది. ఆయన మాట వేరు: ‘అమ్మాయి కొనిచ్చిందని వాడుతున్నాను గానీ, ఇది గొంతుకు ఆననే ఆనదండీ.’

ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచాను. మా దగ్గర 6 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 6 భాగాలు) లోపు ఉంటే పొగ తాగనివారి కింద లెక్క. ఆయనకు 22 వచ్చింది. సగం సిగరెట్లు తగ్గించిన మనిషికి ఇంత రావడం వారిద్దరికీ వింతగా తోచింది. నాకు అనిపించలేదు. నికోటిన్ చాలనప్పుడు మనిషి తెలియకుండానే ఉన్న సిగరెట్‌ను గట్టిగా, లోతుగా, ఫిల్టర్ అంచు దాకా లాగుతాడు. లెక్కలో సిగరెట్లు తగ్గుతాయి, ఊపిరితిత్తులకు చేరే పొగ ఆ నిష్పత్తిలో తగ్గదు. పైగా గుండె విషయంలో ‘సగం’ అనే మాటకు పెద్ద అర్థం లేదు. రోజుకు ఒక్క సిగరెట్ తాగేవారికి కూడా, ఇరవై తాగేవారికి ఉండే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది.

దాంతో సమస్యను ఇలా రాసుకున్నాను: ఆయన సిగరెట్ నుంచి ఇ-సిగరెట్‌కు మారలేదు, రెండోదాన్ని మొదటిదానికి చేర్చుకున్నారు. ఇ-సిగరెట్ మంచిదా చెడ్డదా అన్న కూతురి ప్రశ్నకు జవాబు ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. కాలే పొగాకు పూర్తిగా ఆగిపోతే బేరం లాభమే. రెండూ నడుస్తున్నంతకాలం తారు, కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటాయి, పైన ఆవిరి అదనం.

మొదట ఎంచుకున్న దారి

పరికరాన్ని పక్కన పెట్టించాను. కారణం భయం కాదు. ప్యాచ్‌ను, గమ్‌ను కలిపి సరైన పద్ధతిలో ఆయన ఎన్నడూ వాడి చూడలేదు. ఒకటే వాడటం కన్నా ఈ రెంటినీ కలిపి వాడటం మేలని బలమైన ఆధారాలున్నాయి. దశాబ్దాల వాడకంలో వాటి భద్రత తెలిసిన విషయమే. ఆ దారి చూడకుండా, 2000ల మధ్యలో మార్కెట్లోకి వచ్చి ఇంకా నలభై ఏళ్ల చరిత్ర లేని వస్తువును సీఓపీడీ ఉన్న రోగి చేతికి నేనే ఇవ్వడం సరి కాదనిపించింది. వరెనిక్లిన్‌ను భోజనం తర్వాత నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే వికారం చాలావరకు తగ్గుతుందని చెప్పాను. ఆయన ససేమిరా అన్నారు. ఇష్టం లేని మందును రోగి పన్నెండు వారాలు వేసుకోడు కనుక బలవంతపెట్టలేదు.

ప్యాచ్ రాత్రంతా ఉంచుకోవాలి. 4 మిల్లీగ్రాముల గమ్‌ను కొద్దిగా నమిలి, చురుకు తగలగానే చెంపకూ చిగురుకూ మధ్య ఆనించి ఉంచాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ వంటి ఆమ్ల గుణమున్న పానీయాలు తాగిన పావుగంట దాకా గమ్ పెట్టుకోకూడదు, పెట్టుకున్నా నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. ఆయన ఇవన్నీ పాటించారు. ఒక తేదీ అనుకుని సిగరెట్లన్నీ ఆపేశారు.

వారం నిలబడ్డారు. ఆ తర్వాత నిద్ర లేదు, చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడలాడుతోందని కూతురు ఫోన్ చేసింది. అప్పటికే ఇంట్లో తీర్పు చెప్పేసుకున్నారు: నికోటిన్ ఎక్కువైంది, ప్యాచ్ తీసేయాలి. తీసేశారు. రెండో రోజు ఉదయమే సిగరెట్ వెలిగింది.

కాఫీ ప్రశ్న

ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే. నిద్రలేమి, వణుకు, దడ మూడు వేర్వేరు కారణాల వల్ల రావచ్చు: నికోటిన్ చాలకపోవడం, నికోటిన్ ఎక్కువ కావడం, లేదా నికోటిన్‌తో సంబంధమే లేని మరొకటి. నికోటిన్ చాలకపోతే చిరాకు, ఆకలి, సిగరెట్ కోరిక ముందు కనిపించాలి. ఆయనకు కోరిక అదుపులోనే ఉంది. నికోటిన్ ఎక్కువైతే వికారం, నోట్లో నీళ్లూరడం, తలనొప్పి ఉంటాయి. అవీ లేవు. పైగా రోజుకు పాతిక సిగరెట్ల మనిషికి ఆ ప్యాచ్, నాలుగైదు గమ్ ముక్కలు కలిసినా పాత మోతాదును దాటవు.

కాఫీ ఎన్ని సార్లు తాగుతారని అడిగాను. పెద్ద కప్పుతో రోజుకు ఆరేడు. సిగరెట్ మానేశాక ఇంకొకటి పెరిగింది, చేతికి ఏదో ఒక పని కావాలి కదా.

పొగలోని పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమును ఉత్తేజపరుస్తాయి. కాఫీలోని కెఫీన్‌ను విరగ్గొట్టేది ముఖ్యంగా ఈ ఎంజైమే. అందుకే పొగతాగేవారికి ఎక్కువ కాఫీ తట్టుకునే శక్తి ఉంటుంది. పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే ఎంజైము జోరు తగ్గిపోతుంది. అవే కప్పులు తాగినా రక్తంలో కెఫీన్ రెట్టింపు దాకా పోవచ్చు. నికోటిన్‌కు ఈ ఎంజైముతో పని లేదు. ప్యాచ్ వేసినా, గమ్ నమిలినా, ఇ-సిగరెట్ పీల్చినా పొగ లేనట్టే లెక్క. ఆయన వారం పాటు పడింది చాలావరకు కెఫీన్ బాధ. కాఫీ చేసిన పనికి ప్యాచ్ దోషి అయింది.

ఇదే ఎంజైము మీద ఆధారపడే మందులు మరికొన్ని ఉన్నాయి: ఉబ్బసానికి, సీఓపీడీకి ఇచ్చే థియోఫిలిన్, మానసిక చికిత్సలో వాడే క్లోజపిన్, ఒలాంజపిన్. పొగ ఆపగానే రక్తంలో వీటి మోతాదు పెరుగుతుంది. క్లోజపిన్ విషయంలో అది ప్రాణాపాయం దాకా వెళ్లవచ్చు. ఆయన మందుల చీటీని మరోసారి వరుసగా చదివాను, అవేవీ లేవు. ఉండి ఉంటే, మానే తేదీని నిర్ణయించే ముందే ఆ మందులు రాసిన వైద్యుడితో మాట్లాడవలసి వచ్చేది.

రెండో దారి: అదే వస్తువు, వేరే పద్ధతి

ఆయన మళ్లీ పాతికకు వెళ్లలేదు గానీ పదిహేను దగ్గర ఆగారు. గమ్ పట్ల విసుగు స్పష్టంగా కనిపిస్తోంది. ‘నోట్లోంచి పొగ బయటికి రావాలండీ, లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది’ అన్నారు. నలభై ఏళ్లపాటు రోజుకు వందల సార్లు చేయి నోటి దాకా వెళ్లిన అలవాటు అది. ప్యాచ్ ఆ అలవాటును తీర్చలేదు, అది దాని పనీ కాదు.

ఇప్పుడు ఇ-సిగరెట్‌ను తిరిగి బల్లమీద పెట్టాను. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన బ్రిటన్ పరీక్షలో 886 మంది పాల్గొన్నారు. ఏడాది తర్వాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవారు ఇ-సిగరెట్ బృందంలో 18 శాతం, నికోటిన్ ప్యాచ్, గమ్ వంటివి వాడిన బృందంలో 9.9 శాతం. ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి చూసే కాక్రేన్ సమీక్షలు కూడా అదే వైపు మొగ్గాయి. అయితే 18 శాతమంటే వందలో ఎనభై రెండు మంది మానలేదని కూడా అర్థం. ఇ-సిగరెట్ బృందంలో మానినవారిలో ఏడాది చివరికి 80 శాతం మంది ఆ పరికరాన్ని ఇంకా వాడుతూనే ఉన్నారు. రెండో బృందంలో అలా మిగిలినవారు 9 శాతం. ఈ అంకెలన్నీ తండ్రీకూతుళ్ల ముందు పెట్టాను. సిగరెట్ పోవచ్చు, నికోటిన్ మాత్రం చాలాకాలం ఉండవచ్చు, దానికి సిద్ధమేనా అని అడిగాను. ఆయన వెంటనే సరేనన్నారు. ఆమె కొంచెం ఆలోచించి ఒప్పుకుంది.

మార్చినవి మూడు. మొదటిది నికోటిన్ మోతాదు. 3 మిల్లీగ్రాముల ద్రవం ఆయనకు దాహంతో ఉన్నవాడికి చెంచాతో నీళ్లు పోసినట్టుంది. అది చాలకే బయటికి వెళ్లి సిగరెట్ వెలిగించేవారు, చాలించుకోవడానికి ఇంట్లో ఆవిరి విపరీతంగా పీల్చేవారు. చిన్న పరికరం, సిగరెట్‌లా ముందు నోట్లోకి లాగి తర్వాత ఊపిరితిత్తుల్లోకి పీల్చే రకం, నికోటిన్ సాల్ట్ ద్రవం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో అనుమతించిన గరిష్ఠం అదే. సాల్ట్ రూపంలో ఘాటు తక్కువ కాబట్టి ఎక్కువ మోతాదైనా గొంతు పట్టుకోదు. సిగరెట్ దమ్ములా చటుక్కున లాగకుండా మూడు నాలుగు సెకన్లు నెమ్మదిగా లాగమని చెప్పి, చేసి చూపించమన్నాను. తొలిరోజుల దగ్గు దీంతోనే తగ్గింది.

కూతురికి ఈ మార్పు అసలు నచ్చలేదు. ఏడు రెట్ల నికోటిన్ ఎలా ఇస్తారని సూటిగానే అడిగింది. అడగవలసిన ప్రశ్నే. నికోటిన్ అమాయకమైనదేమీ కాదు. గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, అలవాటుకు మూలమూ అదే. పొగతాగని పిల్లలకు, గర్భిణులకు దీన్ని ఎవరూ సూచించరు. కానీ ఆయన ఊపిరితిత్తులను పాడుచేస్తున్నది పొగాకు కాలినప్పుడు పుట్టే వేల రసాయనాలు. నికోటిన్ చాలితే ఆ మంట ఆగుతుంది, చాలకపోతే ఆగదు. ఆమె ఫోన్‌లో మరో భయం కూడా ఉంది: 2019లో అమెరికాలో వేపింగ్ (ఇలా ఆవిరి పీల్చడం) వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని అరవై మందికి పైగా మరణించిన ఉదంతం. ఆ కేసుల్లో అత్యధికం గంజాయి నుంచి తీసే టీహెచ్‌సీ ద్రవాలకు, వాటిలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌కు ముడిపడినవని చెప్పాను. అందుకే చేత కలుపుకున్న ద్రవాలు, ఎక్కడివో తెలియని సీసాలు వద్దన్నది మా షరతుల్లో చేరింది. ఆ ఇంట్లో చిన్నపిల్లవాడు ఉన్నాడు. ఆ ద్రవం కొద్దిగా మింగినా పిల్లలకు విషం. సీసాలు తాళం ఉన్న అరలోకి వెళ్లాయి.

రెండోది తేదీ. ‘మెల్లమెల్లగా మారతాను’ అన్న మాటను ఒప్పుకోలేదు, ఆ మెల్లమెల్లగానే కదా పద్నాలుగు దగ్గర ఆగింది. తేదీకి ముందు ఒక వారం రెండూ ఉండవచ్చు, పరికరం చేతికి అలవాటు కావాలి. ఆ తర్వాత సిగరెట్ ఒక్కటి కూడా లేదు. ఉదయం వేళను ఆదుకోవడానికి ప్యాచ్ కొనసాగింది. కాఫీ అదే తేదీ నుంచి మూడు కప్పులు, మధ్యాహ్నం తర్వాత లేదు. అప్పటికీ నిద్ర పట్టకపోతేనే ప్యాచ్‌ను అనుమానిద్దాం అనుకున్నాం. ఆ అవసరం రాలేదు.

మూడోది ఇంటి కాపలా. కూతురు జేబులు వెతికేది, సిగరెట్లు లెక్కపెట్టేది, దగ్గరికి వచ్చి వాసన చూసేది. ఆయన కారులో దాచుకోవడం నేర్చారు. ఇ-సిగరెట్ ఆ దాపరికానికి తెరగా కూడా ఉపయోగపడిందని ఒకసారి ఒంటరిగా మాట్లాడినప్పుడు నవ్వుతూ చెప్పారు. ప్రేమతో పెట్టిన నిఘా అయినా, దాని వల్ల ఆయన శక్తి అంతా దొరకకుండా ఉండటానికే ఖర్చవుతోంది. ఆమెకు వేరే పని ఇచ్చాను: ద్రవాన్ని వేడిచేసే కాయిల్‌ను మాడు వాసన రాకముందే మార్చడం, ద్రవం అయిపోకుండా చూడటం. సిగరెట్ల గురించి అడగకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అంకె ఆయనది, చెప్పాలనుకుంటే ఆయనే చెబుతారు.

జారిన రోజు, నిలబడిన నెలలు

తేదీ దాటిన రెండో వారంలో కార్బన్ మోనాక్సైడ్ అంకె 4కు వచ్చింది. ఈ వాయువు కొన్ని గంటల్లోనే సగానికి పడిపోతుంది, అందువల్ల ఎప్పుడూ సాయంత్రమే కొలిచేవాళ్లం. ఉదయం కొలిస్తే రాత్రి నిద్ర వల్ల మోసపోయే అవకాశముంది. ఇంటికి వెళ్లగానే ఆ అంకెను ఆయనే కూతురికి చెప్పారట.

రెండో నెలలో దగ్గరి బంధువు మరణించారు. రోజంతా బయట ఉండవలసి వచ్చింది, సాయంత్రానికి బ్యాటరీ అయిపోయింది. ఎవరో చాపిన పెట్టెలోంచి ఒకటి తీసుకున్నారు, తర్వాత సొంతంగా ఒక పెట్టె కొన్నారు. దుఃఖంలో జారారని ఇంట్లో అనుకున్నారు. నేను బ్యాటరీ వైపు నుంచి చూశాను. దుఃఖాన్ని ముందుగా ఆపలేం, బ్యాటరీ సంగతి చూసుకోగలం. అప్పటినుంచి రెండో పరికరం ఛార్జి చేసి కారులో, గమ్ చొక్కా జేబులో. మిగిలిన సిగరెట్లను ఆయనే నీళ్లలో ముంచి పారేశారు. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టుకోమని చెప్పలేదు. ఒక సాయంత్రానికి రెండు నెలలు రద్దయ్యాయని వింటే, తాగడానికి అదే సాకవుతుంది.

ఆరు నెలలకు అంకె 3. ఉదయం కఫం బాగా తగ్గింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం మాత్రం పెద్దగా మారలేదు, ఆయన కొంత నిరాశపడ్డారు. సీఓపీడీలో పోయిన సామర్థ్యం తిరిగి రాదు. మానడం వల్ల ఇకపై తగ్గే వేగం తగ్గుతుంది. ఇది మొదటి రోజే చెప్పవలసిన మాట, లేకపోతే ‘మానినా లాభమేముంది’ అనే ప్రశ్న వచ్చి తీరుతుంది. ఆయనకు చెప్పి ఉన్నాను కాబట్టి గుర్తుచేస్తే సరిపోయింది. వయసు, తాగిన ఏళ్లు చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు తక్కువ రేడియేషన్ సీటీ పరీక్ష ఏటా అవసరమైన వర్గంలోనే ఆయన ఉన్నారు. మానేసినంత మాత్రాన అది తీరిపోదు కనుక పంపించాను, అనుమానించదగిందేమీ కనిపించలేదు.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

ఇంటివాళ్లు పరికరం కొనిచ్చామని చెప్పినప్పుడు దాని పేరు కన్నా ముందు ద్రవంలో నికోటిన్ ఎంత, సిగరెట్లు ఇంకా ఎన్ని అని అడుగుతున్నాను. తక్కువ నికోటిన్, ఎక్కువ సిగరెట్లు కలిసి కనిపిస్తే మోతాదును సరిచేయడంతోనే మొదలుపెడతాను. కాఫీ ప్రశ్న, మందుల చీటీ మానే తేదీకి ముందే పూర్తవుతాయి. ప్యాచ్ తీసేయాలన్న నిర్ణయం ఇంట్లో తీసుకోవద్దని, ముందు ఫోన్ చేయమని రాసి ఇస్తున్నాం. వెంట వచ్చినవారితో విడిగా కొంతసేపు కూర్చుంటున్నాను, చికిత్సలో వారికీ ఒక పాత్ర ఉంటుంది, లేకపోతే నిఘాయే వారి పాత్ర అవుతుంది.

ఈ పద్ధతి అందరికీ కుదరదు. తక్కువ తాగేవారికి, ప్యాచ్‌తోనో మాత్రతోనో మానగలిగేవారికి ఇ-సిగరెట్ సూచించను. ఒకదాన్ని వదలడానికి ఏళ్లు ఉండిపోయే మరోదాన్ని తెచ్చిపెట్టడం వారి విషయంలో అనవసరం.

ఏడాది దాటింది. ప్యాచ్ ఎప్పుడో ఆగింది. ద్రవం 20 నుంచి 10కి, అక్కడి నుంచి 6కు దిగింది. ప్రతి మెట్టు దగ్గర ఒక నెలపాటు సిగరెట్ కోరిక రాకపోతేనే తర్వాతి మెట్టు. 6 నుంచి 3కు వెళ్లిన వారంలో సిగరెట్ వాసన మళ్లీ బాగుందనిపించిందని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. వెనక్కి 6కు తెచ్చాం. కూతురు ఇక ఇది కూడా ఆపించమంటోంది. ఆపించాలన్నదే నా ఉద్దేశమూ. కానీ ఆ తొందరలో సిగరెట్ తిరిగి వస్తే నష్టం ఎటు వైపు ఎక్కువో ఆమెకు కాగితం మీద గీసి చూపించాను. తర్వాతి సమీక్ష మూడు నెలలకు పెట్టుకున్నాం. అప్పటిదాకా 6 మిల్లీగ్రాములే, పడకగదిలో పరికరం ఉండకూడదన్న ఒక్క నియమంతో.